‘ఖాదీ టెక్స్‌చర్’ గుడ్డ, పొందూరు ఖాదీ: ఒకే మాట చూసి కొన్న రెండు బట్టలు

ఈ వేసవి మొదట్లో నేను రెండు చొక్కా గుడ్డలు కొన్నాను. మొదటిది ఆన్‌లైన్‌లో బట్టలమ్మే ఒక దుకాణం నుంచి తెప్పించినది. దాని వివరాల్లో ‘ఖాదీ టెక్స్‌చర్ షర్టింగ్’ అని ఉంది. రెండవది శ్రీకాకుళంలోని ఒక ఖాదీ దుకాణంలో చేత్తో పట్టి చూసి కొన్న పొందూరు ఖాదీ. అక్కడే 100 కౌంటు (కౌంటు అంటే నూలు సన్నదనానికి కొలత) పంచె ఒకటి కూడా తీసుకున్నాను. రెండు చొక్కాలనూ ఒకే దర్జీ చేత ఒకే కొలతలతో కుట్టించుకుని, నాలుగు నెలలుగా మార్చి మార్చి తొడుగుతున్నాను. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేయడం నా వృత్తి కాబట్టి, మొదటి గుడ్డను నా చేత కొనిపించిన ‘టెక్స్‌చర్’ అనే మాట కూడా ఈ సమీక్షలో బట్టలతో సమానంగా చోటు చేసుకుంది. ఆ మాట ఇచ్చిన భరోసాతో కొన్న గుడ్డ ఆ మాటకు తగినట్టుగా లేకపోవడం ఎందువల్లనో తెలుసుకోవాలనిపించడమే ఇది రాయడానికి కారణం.

ముందు ఆన్‌లైన్ గుడ్డ సంగతి. పొట్లం విప్పగానే చూపుకు బాగుంది. లేత గోధుమరంగు మీద అక్కడక్కడా లావుపాటి పోగులు తేలి, దూరం నుంచి చూస్తే రాట్నం మీద వడికిన నూలుతో నేసినట్టే అనిపించింది. చేతికి మాత్రం అనుమానం కలిగింది. పైన లావు పోగులు కనిపిస్తున్నా వేళ్ళకు గరుకు తగలలేదు. గుడ్డంతా ఒకే తీరున జారుడుగా ఉంది. కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే కారణం కొంత తెలిసింది. లావు పోగు వచ్చిన చోటు నుంచి కొంత దూరం పోయాక అదే పొడవుతో మళ్ళీ లావు పోగు వస్తోంది, ఇంకొంత దూరానికి మళ్ళీ అదే. నూలు మిల్లులో యంత్రం దూదిని సాగదీసే వేగాన్ని కావాలని మార్చుతూ ఇలాంటి ఎగుడుదిగుడు నూలును తయారుచేస్తారు. దాన్ని ‘స్లబ్’ నూలు అంటారు. దానిలో తప్పేమీ లేదు, మంచి స్లబ్ నూలుతో నేసిన మంచి బట్టలు ఎన్నో ఉన్నాయి. అయితే రాట్నం తిప్పే మనిషి చేతిలో పోగు సన్నబడడం, లావెక్కడం లెక్క ప్రకారం జరగదు. ఈ గుడ్డలో అది లెక్క ప్రకారమే జరిగింది.

అంచు నుంచి ఒక పోగు లాగి నిప్పు అంటించి చూశాను. నూలు పోగు కాగితం కాలినట్టు కాలి, వేళ్ళ మధ్య నలిపితే పొడి అయ్యే బూడిదగా మిగలాలి. ఇది కొస దగ్గర కరిగి, చిన్న నల్లటి గట్టి పూసగా ముడుచుకుంది. అంటే పాలియెస్టర్ కలిసింది. దుకాణం వివరాల్లో నూలు శాతం ఎంతో రాయలేదు; రాసినది ‘ఖాదీ టెక్స్‌చర్’ అన్న రెండు మాటలు, ‘మెత్తని స్పర్శ’ అన్న ఇంకో రెండు మాటలు మాత్రమే. వాళ్ళు అబద్ధం చెప్పారని నేను అనలేను. 1956 నాటి ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ చట్టం ప్రకారం ఖాదీ అంటే భారతదేశంలో చేత్తో వడికిన నూలు, పట్టు లేదా ఉన్ని దారంతో, భారతదేశంలోనే చేమగ్గం మీద నేసిన బట్ట. మిల్లు గుడ్డను ‘ఖాదీ’ అని అమ్మితే అది నిర్వచనానికి అడ్డం తగులుతుంది. ‘ఖాదీ టెక్స్‌చర్’ అంటే ఆ అడ్డు లేదు. ఒక్క మాట చేర్చడంతో వస్తువు పేరు కాస్తా వస్తువు పోలికగా మారిపోయింది, కొనేవాడి కంటికి మాత్రం మొదటి మాటే ఆనుతుంది.

ఆ మాట పుట్టుక తెలిసినవారికి ఇది మరింత బాధ కలిగిస్తుంది. ‘టెక్స్‌చర్’ పుట్టింది మగ్గం మీదనే. లాటిన్‌లో ‘టెక్సెరె’ అంటే నేయడం, ‘టెక్స్‌తూరా’ అంటే నేత. 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానికి నేసే పని, నేసిన బట్ట అనే అర్థాలే ఉండేవి. ‘టెక్స్‌టైల్’, ‘టెక్స్ట్’ దాని తోబుట్టువులు. రాత కూడా ఒక నేతే అన్న భావన ఆ భాషలలో అలా నిలిచిపోయింది. మనకూ ఇది కొత్త కాదు. సూత్రం అంటే దారం, తంత్రం అన్న సంస్కృత పదానికి మగ్గమనీ పడుగనీ అర్థాలున్నాయి, గ్రంథం అన్న మాటలో ముడివేయడం ఉంది, తెలుగులో కథలను ఈనాటికీ అల్లుతూనే ఉన్నాం. పడుగూ పేకా ఎలా కలిశాయో చెప్పడమే టెక్స్‌చర్ మొదటి పని. ఆ కలయిక వేళ్ళకు ఎలా తెలుస్తుందన్నది దాని వెంట వచ్చిన అర్థం.

ఇప్పుడు ఇంగ్లీషులో సామాన్యంగా చెలామణీ అవుతున్నది ఈ వెంట వచ్చిన అర్థమే. గోడకైనా, చర్మానికైనా, జుట్టుకైనా, రొట్టెకైనా చేయి తగిలినప్పుడో నోట్లో పడినప్పుడో కలిగే అనుభవానికి టెక్స్‌చర్ అని పేరు. ఒంటరిగా ఉన్నప్పుడు అది మంచీ కాదు, చెడూ కాదు. అందుకే దాని ముందు నునుపు, గరుకు, ముతక, వెన్నలాంటి, పట్టులాంటి అనే విశేషణం ఒకటి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఒక కూర గురించి ‘రుచి నచ్చలేదని కాదు, టెక్స్‌చర్ నచ్చలేదు’ అని ఇంగ్లీషువాళ్ళు అనే మాటకు సమానమైనది మన ఇళ్ళలోనూ ఉంది, కానీ మనం అంత పెద్ద గొడుగు పట్టం. బెండకాయ జిగురుగా ఉందంటాం, అన్నం పలుకుగా ఉందంటాం, జంతిక గుల్లగా రాలేదంటాం, హల్వా సాగుతోందంటాం. విషయాన్ని బట్టి మాట మారిపోతుంది, దాన్ని మోయడానికి వేరే నామవాచకం అక్కర్లేదు. ఈమధ్య వంటల కార్యక్రమాల్లో ‘టెక్స్‌చర్ బాగా వచ్చింది’ అన్నది తరచుగా వినిపిస్తోంది. ఎలా వచ్చిందో మాత్రం ఆ వాక్యం చెప్పదు. మట్టి శాస్త్రంలో ఈ మాటకు ఉన్న అర్థం మాత్రం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అక్కడ అది పైపై స్పర్శను వదిలి లోపలి కూర్పును చెబుతుంది. ఇసుక, ఒండ్రు, బంకమట్టి రేణువులు ఏ పాళ్ళలో ఉన్నాయన్నదే నేల టెక్స్‌చర్. అమెరికా వ్యవసాయ శాఖ పద్ధతిలో ఇసుక రేణువు 2 నుంచి 0.05 మిల్లీమీటర్ల వరకు, ఒండ్రు 0.05 నుంచి 0.002 వరకు, బంకమట్టి అంతకంటే సన్నం. తడిమట్టిని పిడికిట నలిపి చూసే రైతు చేయి అంచనా వేసేది ఈ పాళ్ళనే. అక్కడ స్పర్శ లోపలి నిజానికి సాక్ష్యం చెబుతుంది. సంగీతంలోనూ అంతే, ఒకే గొంతు వినిపిస్తోందా, గొంతుకు తోడు వాద్యం నడుస్తోందా, రెండు మూడు బాణీలు ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాయా అన్నదే దాని టెక్స్‌చర్.

దీనికి ఎదురుగా నడిచే వాడుక మరొకటి ఉంది. వస్తువుకు లేని టెక్స్‌చర్‌ను దానికి ఇవ్వడం. మన వంటింట్లో మీల్‌మేకర్ అని పిలిచే సోయా ముక్కలకు ఆహార సాంకేతికతలో ఉన్న పేరు ‘టెక్స్‌చర్డ్ వెజిటబుల్ ప్రోటీన్’. నూనె తీసేసిన సోయాపిండిని వేడి మీద, ఒత్తిడితో యంత్రంలో నుంచి నెట్టి, మాంసంలా నమిలేందుకు వీలైన పీచుతనం తెప్పిస్తారు. ఇంటి గోడలకు వేసే టెక్స్‌చర్ పెయింటు చదును గోడకు రాతి గోడ పోలిక తెస్తుంది. కంప్యూటర్ బొమ్మల్లో ఈ అర్థం చివరిదాకా వెళ్ళింది: 1974లో యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ క్యాట్‌మల్ సమర్పించిన పరిశోధన వ్యాసంతో మొదలైన టెక్స్‌చర్ మ్యాపింగ్‌లో, టెక్స్‌చర్ అంటే ఒక ఆకారం మీద అతికించే చిత్రం. తాకడానికి అక్కడ ఏమీ ఉండదు. వీటిలో ఏదీ మోసం కాదు. మీల్‌మేకర్ కొనేవారికి అది మాంసం కాదని తెలుసు, ఆట ఆడే పిల్లవాడికి తెరమీది ఇటుకలు ఇటుకలు కావని తెలుసు. చిక్కల్లా ఒకే మాట ఒకచోట లోపలి కూర్పునూ, మరోచోట పైకి తెచ్చిన పోలికనూ చెబుతున్నప్పుడు, ఇక్కడ ఏ అర్థంలో వాడారో అమ్మేవాడు చెప్పకపోవడంలో ఉంది. నేను కొన్న మొదటి గుడ్డ రెండవ అర్థంలో టెక్స్‌చర్ ఉన్న గుడ్డ. నేను మొదటి అర్థం అనుకుని కొన్నాను.

ఇక పొందూరు ఖాదీ. దుకాణంలో కూర్చున్న పెద్దాయన నేను గుడ్డను కళ్ళతో పరీక్షిస్తూ ఉండడం చూసి, “రెండు వేళ్ళ నడుమ పెట్టి నలపండి బాబూ, పోగు తెలుస్తాది” అన్నారు. నలిపితే నిజంగానే తెలిసింది. ఒక చోట పోగు వెంట్రుకలా సన్నంగా, వేలి వెడల్పు దూరం పోయాక కాస్త నిండుగా, మళ్ళీ ఎక్కడో ముడిలా ఒక చిన్న పిసరు. రెండు చోట్ల ఒకే వరస రాలేదు. ఇంగ్లీషులో బట్టల వ్యాపారులు దీన్ని టెక్స్‌చర్ అనరు. చేతికి బట్ట ఎలా తగులుతుందో చెప్పడానికి వాళ్ళ దగ్గర ‘హ్యాండ్’ అనే వేరే మాట ఉంది, మన దుకాణాల్లోనూ ‘హ్యాండ్ ఫీల్’ అన్నది వింటూ ఉంటాం. స్పర్శకు విడిగా మాట ఉన్నందువల్ల వృత్తిలో ఉన్నవారికి టెక్స్‌చర్ ఇంకా నేతకు దగ్గరగానే మిగిలింది. పెద్దాయన చెప్పిన ‘పోగు తెలియడం’ మాత్రం ఆ రెండింటినీ ఒకేసారి చెప్పింది. ఆ మాటను నేను నా పనిలో వాడుకోబోతున్నాను.

పోగు అలా తెలియడానికి కారణం నూలు తయారయ్యే తీరులో ఉంది. శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు చుట్టుపక్కల కొండ పత్తి, పునాస పత్తి, ఎర్ర పత్తి అనే రకాలను ఈ నూలుకు వాడతారు. గింజ తీయడానికి ముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నని పళ్ళు చెత్తను, పొట్టి పీచును వదిలించి మిగతా పీచును వరసకు తెస్తాయి. లోహపు దువ్వెన అయితే తెగిపోయే పీచు చేప పళ్ళ మధ్య తెగకుండా జారుతుందని అక్కడివారు చెబుతారు. తరువాత గింజ తీసి, ఏకి, ఏకులు (వడకడానికి సిద్ధం చేసిన దూది చుట్టలు) చుట్టి, అవి గాలికి చెదరకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని, ఒంటి కదురు రాట్నం మీద ఒక్కో ఏకును వడుకుతారు. వడికేవారిలో అత్యధికులు ఆడవారే. ఇంత సున్నితంగా నడిచిన పీచుకు యంత్రం వేసినంత బిగువు పురి పడదు, పోగు లోపల గాలికి చోటు ఉంటుంది. ఒంటికి తగిలినప్పుడు చల్లగా, ఊపిరి తీసుకుంటున్నట్టు అనిపించేది ఆ ఖాళీ వల్లనే.

100 కౌంటు అన్న మాట చాలామంది వింటారు గాని దాని కొలత చెబితే ఆ సన్నదనం మనసుకు పడుతుంది. ఇంగ్లీషు లెక్కలో ఒక పౌండు బరువు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అదే కౌంటు. నూరు కౌంటు అంటే ఒక పౌండులో 84,000 గజాలు, అంటే దాదాపు 76.8 కిలోమీటర్లు; ఒక్క గ్రాము నూలు 169 మీటర్ల పొడవు సాగుతుంది. 40 కౌంటు నూలైతే గ్రాముకు 68 మీటర్లే. నేను కొన్న పంచెను మడతపెట్టి అరచేతిలో పెట్టుకుంటే, అంత వెడల్పు, అంత పొడవు గల బట్ట అంతా పిడికిట్లో ఇమిడిపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది. చొక్కా గుడ్డ దీనికంటే తక్కువ కౌంటుది, దళసరిగా ఉంటుంది. చొక్కాకు అదే సరి. అంచు పక్కన సూది గుచ్చినట్టు సన్నని రంధ్రాల వరస కనిపిస్తే లోపం అనుకోవద్దు. నేసేటప్పుడు బట్ట వెడల్పు కుదించుకుపోకుండా రెండు అంచులకూ గుచ్చి ఉంచే బద్ద మిగిల్చిన గుర్తులు అవి.

నాలుగు నెలల వాడకంలో రెండింటి దారులూ వేరయ్యాయి. ఆన్‌లైన్ గుడ్డ మొదటి రోజు ఎంత మెత్తగా ఉందో పదో ఉతుక్కు అంత మెత్తగా లేదు. మిల్లులో చివర వేసే మెత్తదనపు పూత ఉతుకులకు పోతుంది, ఇక్కడ జరిగింది అదేననుకుంటాను. పూత పోయాక బయటపడిన పోగు కాస్త బిరుసుగా, మధ్యాహ్నపు చెమటకు ఒంటికి అంటుకునేదిగా ఉంది. లావు పోగుల దగ్గర మోచేతుల మీద, మెడ పట్టీ వెనుక చిన్న చిన్న ఉండలు లేచాయి. న్యాయంగా చెప్పాలంటే దానికి మేళ్ళూ ఉన్నాయి. రంగు వెలవలేదు, కొలత తగ్గలేదు, ఇస్త్రీ లేకపోయినా తొడుక్కుని బయటికి పోవచ్చు, ధర పొందూరు గుడ్డలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. రోజూ బస్సులో ప్రయాణం చేసి, బట్టల మీద ఎక్కువ సమయం పెట్టలేనివారికి ఇది పనికిరాని వస్తువేమీ కాదు. మిల్లు గుడ్డగా కొనుక్కుంటే ఐదింటికి మూడు మార్కులు ఇస్తాను. ఖాదీ అనుకుని కొనేవారికి దీన్ని సూచించలేను.

పొందూరు గుడ్డ ఉతికిన కొద్దీ మెత్తబడింది. మొదట్లో వేళ్ళకు తెలిసిన గరుకు పూర్తిగా పోలేదు, పోకూడదు కూడా. ఆ గరుకు మొనలు మాత్రం అరిగి చర్మానికి హాయిగా తగులుతున్నాయి. ఎండలో నడిచి వచ్చాక వీపు మీద చెమట ఆరడానికి పట్టే సమయంలో తేడా నాకు స్పష్టంగా తెలుస్తోంది. ఇబ్బందులు కూడా చెప్పాలి. దుకాణంవాళ్ళు చెప్పిన సలహా వినకుండా నేను గుడ్డను నానబెట్టక ముందే దర్జీకి ఇచ్చాను. మొదటి ఉతుకుకే చేతులు అంగుళం దాకా పొట్టి అయ్యాయి. కొనగానే ఒక రాత్రంతా చల్లని నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరవేసి, ఆ తరువాతే కుట్టడానికి ఇవ్వాలి. ముడతలు తేలికగా పడతాయి. పంచె అయితే పలుచని గంజి పెట్టి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే తప్ప నిలబడదు. గంజి చిక్కనైతే ఆ సన్నని నూలు పెళపెళలాడి, దాని అసలు గుణం కనిపించదు. బియ్యం ఉడికిన గంజిలో నాలుగింతలు నీళ్ళు కలిపితే నాకు సరిపోయింది. వాషింగ్ మెషీన్‌లో వేయవద్దు. ధర ఎక్కువే, అందులో సందేహం లేదు. కానీ ఒక పంచెకు కావలసిన నూలును ఒంటి కదురు మీద వడకడానికి ఎన్ని రోజులు పడుతుందో తలచుకుంటే బేరం ఆడడానికి నాకు నోరు రాలేదు. పంచెకు ఐదుకు ఐదు, చొక్కా గుడ్డకు నాలుగున్నర.

ఆన్‌లైన్ దుకాణానికి నా అభిప్రాయం పంపుతూ, ‘ఖాదీ టెక్స్‌చర్’ అన్న చోట నూలు చేతివడుకా మిల్లుదా, మగ్గం చేతిదా యంత్రానిదా, పాలియెస్టర్ శాతం ఎంత అన్న మూడు సంగతులు చేర్చమని కోరాను. ఆ మూడూ రాస్తే టెక్స్‌చర్ అన్న మాటను ఉంచుకున్నా నాకు అభ్యంతరం లేదు. నా వంతుగా, ఇటువంటి ఉత్పత్తి వివరాలు అనువాదానికి వచ్చినప్పుడు ఇంతకాలం ‘ఆకృతి’ అనో ‘స్పర్శ’ అనో రాసి ముందుకు పోయేవాణ్ణి. ఇప్పుడు చేమగ్గపు బట్ట అయితే ‘నేత’ అని, చేతికి తగిలే తీరు గురించి అయితే ‘పోగు తెలిసే గుడ్డ’, ‘నునుపు గుడ్డ’ అని విడమరచి రాస్తున్నాను. గత వారం వచ్చిన ఒక పనిలో ‘ఖాదీ టెక్స్‌చర్’ మళ్ళీ ఎదురైంది. ‘ఖాదీలా కనిపించే మిల్లు గుడ్డ’ అని తెలుగు చేసి పంపాను, జవాబు కోసం చూస్తున్నాను.